నిద్దర్లో తొక్కిన సైకిలు

యాభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. చిన్న అబద్ధమే, ఒక్క ఊపిరిలో చెప్పేయగలిగినంత. మోయగా మోయగా అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల చేత "అబద్ధము ఆడరాదు" అని పలకల మీద దిద్దించాను. ఆ మాట రాసేటప్పుడు నల్లబల్ల దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడేదాన్ని, వెనక్కి తిరగాలనిపించక. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పలేక మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి.

ముందే ఒక మాట. ఆ రోజులంత సంతోషమైన రోజులు నాకు మళ్లీ రాలేదు. నా ఇబ్బంది కూడా అదే. తప్పు చేసిన రోజులు తలుచుకుంటే తల దించుకోవాలి కదా? నాకు నవ్వొస్తుంది. నవ్వొచ్చిన తర్వాత సిగ్గేస్తుంది. ఈ వరస ఎన్నడూ మారలేదు.

అరవై ఎనిమిదిలో నాకు ఇరవై ఏళ్లు. మాది గజపతినగరం దగ్గర ఒక పల్లె. విజయనగరంలో టీచరు ట్రైనింగుకి సీటు వస్తే నాన్న నన్ను తెచ్చి పెద్దమ్మ ఇంట్లో దింపాడు. పెద్దమ్మకి పిల్లల్లేరు. పెదనాన్న ఒక ఆఫీసులో గుమస్తా, యాభై దాటిన మనిషి. నేను ఆడపిల్లల్లో పొడుగు, ఆయన మగవాళ్లలో పొట్టి, ఇద్దరం సరిగ్గా ఒకే ఎత్తు. తక్కువ మాట్లాడేవాడు. ఆయన ప్రాణమంతా ఒక పచ్చ సైకిలు మీద ఉండేది. ఆదివారం పొద్దున్నే దాని చక్రాల్లో ఒక్కొక్క పుల్లా గుడ్డతో తుడిచి, గొలుసుకి కుట్టుమిషను నూనె వేసి, దాని మీద రామతీర్థం వెళ్లి, కొండెక్కి దిగి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. ఆ ఒక్క పూట మాత్రం ఆయన మొహం చూస్తే పెళ్లికొడుకులా ఉండేది.

నాకు సైకిలు తొక్కడం వచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఊళ్లో జీడితోటల వెనక అన్నయ్య సైకిలు మీద దొంగతనంగా నేర్చుకున్నాను. పెళ్లి కావలసిన పిల్ల విజయనగరం వీధుల్లో సైకిలెక్కిందని పెద్దమ్మ చెవిన పడితే ఆ సాయంత్రమే నాన్నకి ఉత్తరం వెళ్లిపోయేది.

నేను వీధి గదిలో పడుకునేదాన్ని. సైకిలు కూడా అక్కడే ఉండేది. తెల్లవారకుండానే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టడం నా పని. సిరిమాను పండగ వెళ్లిన వారంలో ఒకరోజు ముగ్గు పెట్టి నడుం ఎత్తేసరికి వీధి మొత్తం ఖాళీగా కనిపించింది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేద్దాం అనుకున్నాను. గోడ మేకుకి తాళంచెవి ఉంది. పక్కనే పెదనాన్న ఖాకీ కోటు, మఫ్లరు. చలిగా ఉందని వేసుకున్నాను, అంతే. చీర గోచి పోసి బిగించాను.

వీధి చివర ఆగలేదు.

ఆ పొద్దుల గురించి ఎలా చెప్పను? నెల్లిమర్ల తోవలో ఊరు దాటగానే చీకటి కాస్త పలచబడేది. చెరువుల్లో గోగుకట్టలు నానబెట్టిన కంపు ముక్కుపుటాలు బద్దలు కొట్టేది, నాలుగు రోజులు పోయాక ఆ కంపు కూడా నాకు ఇష్టమైపోయింది, ఎందుకంటే అది తగిలిందంటే ఇక నన్ను గుర్తుపట్టే ఇళ్లు లేవని అర్థం. గట్ల మీద ఆరేసిన నార మసక వెలుగులో ముసలమ్మల జుట్టులా ఉండేది. బళ్లవాళ్లు నిద్రపోతూ ఉంటే ఎడ్లు వాటంతట అవే తోవ పట్టుకుని వచ్చేవి. ఒకరోజు ఒక నక్క రోడ్డు మధ్య నిలబడి నన్ను చూసింది, నేను బెల్లు కొట్టాను, అది తోవ ఇచ్చింది! తాటిచెట్లకి గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే రోడ్డు దిగి, సైకిలు నడిపించుకుంటూ గట్ల మీద పడి వెళ్లి చూసేదాన్ని. చోడిచేలలో మంచు మోకాళ్ల దాకా తడిపేది. దూరంగా నెల్లిమర్ల జూటుమిల్లు కూత వేయగానే వెనక్కి తిరగాలి, ఆరు కాకముందే ఇల్లు చేరాలి. పనికి వెళ్లే కూలీలు గుంపులుగా సైకిళ్ల మీద ఎదురై "బావా, జోరుగున్నావే!" అని అరిచేవాళ్లు. నేను మఫ్లరు ముక్కు దాకా లాక్కుని చెయ్యి ఊపేదాన్ని. వాళ్లు దాటిపోయాక ఈల వేసేదాన్ని. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని చిన్నప్పుడు వీపు మీద దెబ్బలు తిన్నాను. ఆ రోడ్డు మీద ఏ ఇల్లూ లేదు కదా.

రోజూ కాదు, వారానికి నాలుగు రోజులు. చంపావతి దాకా వెళ్లగలిగిన రోజులు తక్కువే. వెళ్లిన రోజు ఏటి ఇసుక మీద మంచు లేస్తుంటే ఒక్క నిమిషం నిలబడి, ఆ నిమిషం మొత్తం నాదే అనుకుని, తిరిగి తొక్కేదాన్ని.

పెదనాన్నకి మొదట కనిపించింది బురద. శుభ్రంగా తుడిచి పెట్టిన మడ్‌గార్డు కింద పొద్దున్నే తడి మన్ను. తర్వాత కోటు అంచులకి అంటుకున్న ఉత్తరేణి గింజలు. ఒక్కొక్కటీ పీకి అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయేవాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను జాగ్రత్తపడవలసింది. రెండు రోజులు జాగ్రత్తపడ్డాను కూడా. మూడో రోజు వెన్నెల ఉంది, వెళ్లిపోయాను.

అప్పుడు నెల్లిమర్ల వైపు నుంచి పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని వచ్చే అప్పలనరసమ్మ మా వాకిట్లో కుండ దించుతూ అనేసింది.

"ఓలమ్మో, బావు ఎంత జోరుగా తొక్కుతన్నారో! నిన్న తెల్లారకుండా సంపావతికాడ సూసినాను. ఈలేసుకుంటా ఎళిపోతన్నారు. దండం పెట్టినా పలకనేదు."

పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఈయనా? ఏడు కొట్టీదాకా లెగడు. నీకు కళ్లు మసకేసినాయే నరసమ్మా."

పెదనాన్న నవ్వలేదు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం చూశాను.

ఎందుకో నాకు తెలుసు. ఇక్కడే, వినండి, ఇక్కడే నా తప్పు మొదలవుతుంది. ఆయన తండ్రి ముసలితనంలో బుర్ర చెదిరి, ఇల్లు వదిలి నడిచి వెళ్లిపోయేవాడట. చివరిసారి పొలాల్లో దొరికితే కొడుకు పేరు కూడా చెప్పలేకపోయాడట. ఈ సంగతి పెద్దమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. అది తెలిసి ఉండి కూడా నేను తలుపు వెనక నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ కుళాయికి వెళ్లినప్పుడు పెదనాన్న వచ్చి నా చాప పక్కన కూర్చున్నాడు. ఆయన అలా నేల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మడూ, నువ్వు ఈది గదిలోనే తొంగుంటావు గదా. నిజం సెప్పు. నాను నిద్దర్లో లెగిసి ఎళ్తన్నానేటి?"

నేను చాప అంచు పుల్లలు లాగుతున్నాను.

"నాకు ఈల రాదే," అన్నాడు. "నిద్దర్లో ఈల కూడా వస్తాదేటి?"

ఆ ఈల దగ్గరే ఆయన నన్ను పట్టుకోవలసింది. పట్టుకునేవాడేమో, ఒక్క క్షణం నా కళ్లలోకి చూశాడు. చెప్పేయ్, చెప్పేయ్ అని నా గుండె కొట్టుకుంది. నోరు తెరిచాను.

"రెండు మూడు సార్లు తలుపు సప్పుడయ్యింది పెదనాన్నా. నువ్వే అనుకున్నాను."

అదీ ఆ అబద్ధం. ఆయన మెల్లిగా తలాడించాడు. "మీ పెద్దమ్మకి సెప్పకు. బెంగెట్టుకుంటాది," అన్నాడు.

ఎందుకన్నాను? భయం వల్ల, ట్రైనింగు మానిపించి ఇంటికి పంపేస్తారన్న భయం వల్ల అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం నిజమే. కానీ ఆయన తిట్టే మనిషి కాదు, పెద్దమ్మకి కూడా చెప్పేవాడు కాదేమో, అది నాకు అప్పుడే తెలుసు. మరి? మర్నాడు పొద్దున్న కూడా వెళ్లాలని. ఇంతే. ఆ మంచు, ఆ ఏరు, ఆ ఒక్క నిమిషం వదులుకోలేక ఒక మనిషికి తన బుర్ర మీదున్న నమ్మకాన్ని తీసేశాను.

పెద్దమ్మకి చెప్పొద్దన్న మనిషి వారం తిరక్కుండా తనే చెప్పుకున్నాడు. ఆవిడ ఒక పాత పంచె అంచు చింపి, ఒక కొస ఆయన కాలికీ ఒక కొస తన చేతికీ కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఆయన పక్కకి తిరిగితే చాలు ఈవిడ చెయ్యి లేచేది. పొద్దున్నే కాఫీ కలుపుతూ "ఈయన్ని కాదు, ఎద్దుని కట్టుకున్నట్టుంది" అని సణిగేది. నేను భయపడి సైకిలు ముట్టుకోవడం మానేశాను. బురద లేదు, గింజలు లేవు. దాంతో తాడు పనిచేసిందని ఇద్దరూ తేల్చుకున్నారు. అంటే జబ్బు నిజమేనన్నమాట. నేను మానడం కూడా నా అబద్ధానికి సాక్ష్యం పలికింది.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం ఆయన సైకిలు తుడిచి నా ముందు నిలబెట్టాడు. "నిద్దర్లో తొక్కీవోడికి సైకిలెందుకే? నువ్వు నేర్సుకో. ట్రైనింగుకి దూరం గదా. ఎవులేటన్నా నాను సూసుకుంటాను."

పెద్దమ్మ గగ్గోలు పెట్టింది. ఆయన వినలేదు, పెళ్లయినప్పటినుంచీ ఆవిడ మాటకి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారేనట. నన్ను ఊరి చివర మైదానానికి తీసుకెళ్లి, సీటు వెనక పట్టుకుని, పంచె ఎగదోపుకుని పరిగెత్తాడు. నేను రానట్టు నటించాలి. సైకిలు వచ్చినవాళ్లు రానట్టు తొక్కడం ఎంత కష్టమో మీరు ఎప్పుడైనా ప్రయత్నించారా? కావాలని రెండుసార్లు పడ్డాను. రెండోసారి నిజంగానే మోకాలు చీరుకుపోయింది. ఆయన కంగారుపడి మన్ను దులుపుతూ "ముందుకి సూడే, సక్రం కేసి సూడకు" అని ఆయాసపడుతున్నాడు. మూడో రోజు ఆయన చెయ్యి వదిలేశాడు. నేను వెళ్లిపోయాను. వెనక నుంచి ఒక అరుపు వినిపించింది, "నేర్సీసింది! మూడు రోజుల్లో నేర్సీసింది!" అని, మైదానంలో మేకలు కాసేవాళ్లు కూడా లేచి చూశారు. అంత గట్టిగా ఆయన అరవడం అదే మొదలు. నేను మలుపు తిరిగి, ఆయనకి కనపడనంత దూరం వెళ్లి, ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను కూడా. ఎందుకంటే పట్టపగలు, ఎండలో, నా చీరలో నేను తొక్కుతున్నాను. ఆ ఆనందాన్ని ఇప్పుడు కూడా కాదనలేను.

నేను ఆ సైకిలు మీదే ట్రైనింగుకి వెళ్లాను. మొదటి ఉద్యోగానికి కూడా దాని మీదే వెళ్లాను. ఆయన మళ్లీ ఎన్నడూ సైకిలు ఎక్కలేదు. ఆఫీసుకి నడిచి వెళ్లేవాడు. రామతీర్థం బస్సు మీద వెళ్లొచ్చేవాడు, అది కూడా పెద్దమ్మ వెంట ఉంటేనే. ఒంటరిగా ఊరు దాటడానికి భయపడేవాడు. పద్నాలుగేళ్ల తర్వాత పోయాడు. చివరి రోజుదాకా ఆ తాడు కట్టుకునే పడుకున్నాడు.

చెప్పాలని వెళ్లలేదా అంటే, వెళ్లాను. ఉద్యోగం వచ్చినప్పుడు ఒకసారి, పెళ్లి కుదిరినప్పుడు ఒకసారి. రెండోసారి వెళ్లేసరికి ఆయన ఎవరో చుట్టాలకి ఆ కథే చెబుతున్నాడు. నిద్దర్లో చంపావతి దాకా తొక్కుకెళ్లి, ఒక్కసారి కూడా పడకుండా తిరిగొచ్చానని, పైగా ఈల వేశానని. చుట్టాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. ఆయన కూడా నవ్వుతున్నాడు, కాస్త గర్వంగానే. ఇప్పుడు చెప్తే ఈ కథ కూడా ఆయనకి లేకుండా పోతుందనుకుని ఊరుకున్నాను. మంచి సాకు కదా? ఆయన పోయేదాకా దాని మీద బతికాను.

ఆయన పోయాక పెద్దమ్మ ఒకసారి అంది. "ఆ తాడు కట్టినకాణ్ణించే మీ పెదనాన్న నాతో కబుర్లాడ్డం మొదలెట్టినాడే. అంతకు ముందు గోడకేసి తిరిగి తొంగున్న మనిషి." అని ముసిముసిగా నవ్వింది. ఆవిడ నవ్వు చూసి నా గుండె కొంచెం తేలికపడింది. పడిన వెంటనే అనుమానం వచ్చింది. వాళ్లిద్దరూ ఆ తాడు చివర తమంతట తాము వెతుక్కున్న సంతోషాన్ని నా ఖాతాలో ఎలా వేసుకోను? ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడా పోయింది.

ఇప్పుడు నన్ను క్షమించవలసినవాళ్లు ఎవరూ లేరు. మీరు క్షమించలేరు, అడగను కూడా. ఒక్కటి మాత్రం ఇది రాస్తూ ఉండగా తెలిసింది. ఆ పొద్దులకి నేను సిగ్గుపడడం లేదు. ఆ చిన్న మాటకి సిగ్గుపడుతున్నాను. రెంటినీ ఒకే మూటగా కట్టి మోశాను కాబట్టి ఇన్నేళ్లూ ఆ పొద్దుల్ని ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను, నా పిల్లలతో కూడా. ఈ కాగితం మీద మొదటిసారి చెప్పాను. ఎంత బాగుందో చెప్పలేను.

పెదనాన్నకి ఏ జబ్బూ లేదు. ఒక్క రాత్రి కూడా ఆయన నిద్రలో లేవలేదు. ఆయన బుర్ర చివరిదాకా నిక్షేపంగా ఉంది. ఈ మాట ఆయనకి చెప్పవలసింది నేను. చెప్పలేదు. మీకు చెప్పాను.