అమ్మ నేర్చుకున్న ఇంగ్లీషు మాట

మొన్న బందరు మార్కెట్టులో ఎండురొయ్యల వాసన తగలగానే నా నాలుగో తరగతి గుర్తొచ్చింది.

నాగాయలంకలో అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది. ఒక మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చి తరగతి గుమ్మం దగ్గర నిలబడింది. అప్పుడే టీచరుగారు, "మీ అమ్మగారు ఏం చేస్తారో ఇంగ్లీషులో చెప్పు" అన్నారు. డూ, డజ్ కొత్తగా నేర్పుతున్న రోజులవి. చేయడమంటే ఆఫీసులో ఉద్యోగం చేయడమేనని నా నమ్మకం. పైగా నీచు వాసనకి పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారు. సిగ్గేసి, "మై మదర్ డజ్ నథింగ్" అనేశాను. మా అమ్మ ఏ పనీ చేయదని.

బయటికి రాగానే అమ్మ అడిగింది. "నా గురించేనా? ఏవన్నావే?"

"చాలా పనులు చేస్తావని చెప్పానమ్మా."

"అయితే ఆ మాట నాకూ నేర్పవే."

నేర్పాను.

ఆ సాయంత్రం రేవులో గంపలు కడుగుతున్న ఆడవాళ్లతో, "మా పిల్ల నా గురించి ఇంగ్లీషులో చెప్పింది. డజ్ నథింగ్!" అంటూ అమ్మ మురిసిపోయింది. నేను పక్కనే తల దించుకుని నిలబడ్డాను.

ఇప్పుడు నేనే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. అమ్మకు మాత్రం ఆ మాట అర్థం ఈనాటికీ చెప్పలేకపోయాను.