చూడ్డానికేమీ లేని చోట ఒక ఇల్లు

మా ఇంటి యజమాని రామప్ప మంచివాడు. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి వచ్చిన రోజు కూడా చేతిలో కొత్తిమీర కట్టతోనే వచ్చాడు.

"మీరు బంగారం మాదిరి మనుషులు సార్. మీ మీద నాకు ఒక్క మాట లేదు. కాకపోతే మీరు శని, ఆదివారాలే కాదు, సోమవారం కూడా ఉంటాండారు" అన్నాడు.

నిజమే. తొమ్మిదేళ్ళుగా మేం సోమవారాలు కూడా ఉంటున్నాం. మదనపల్లెలో, హార్సిలీ హిల్స్‌కి పోయే రోడ్డు వైపు ఇల్లు. బెంగుళూరు వాళ్ళు వారాంతానికి కొండెక్కడం మొదలుపెట్టాక, ఆ రోడ్డు మీది ఇళ్ళు హోమ్‌స్టేలవుతూ వచ్చాయి, అద్దెకున్నవాళ్ళందరం ఒక్కొక్కరుగా అడ్డం అయిపోయాం. అయితే లాభాలు లేవని అనను. మా వీధికి ఎన్నేళ్ళుగానో రాని దీపాలు, టూరిస్టుల కోసం వారంలో వచ్చాయి. ఆ వెలుతురులో మా ఇంటి ముందు పడేసిన చిప్స్ పొట్లాలు చక్కగా కనిపిస్తాయి. నీళ్ళ ట్యాంకరు రోజూ వస్తుంది. ముందు హోమ్‌స్టేలకి, మిగిలితే మాకు.

నెలాఖరులోగా ఇల్లు దొరకాలి. నేను డిగ్రీ పిల్లలకు గైడ్లు రాస్తాను, నా భార్య సుజాత జాకెట్లు కుడుతుంది. కరెంటూ బస్సూ ఉంటే ఏ ఊరైనా మాకు ఒకటే. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఆ చోట చూడ్డానికి ఏమీ ఉండకూడదు.

ఆదివారం ఉదయం ఆరుంబావుకి పుంగనూరు బస్సెక్కాం. సుజాత ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. నాకు మామూలు టికెట్టే. ఆమె ఒడిలో ఒక గుడ్డ సంచి ఉంది. అందులో చిన్న ఇత్తడి గిన్నె.

"అదెందుకు?" అన్నాను.

"ఇల్లు కుదిరితే అక్కడే పాలు పొంగించేస్తా. పాలు పొంగిన ఇంటిని ఇంకొకరికి ఇవ్వరు."

ఇలాంటి నమ్మకాల మీద ఒక పేరా పొడుగున మాట్లాడగల చదువు నాకుంది. మాట్లాడాను కూడా. సుజాత కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది.

ఏడుంబావుకి పుంగనూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ, ఊరిబిండి పచ్చడి తిని, చౌడేపల్లె వైపు ఆటో మాట్లాడుకున్నాం. అక్కడ నాగమ్మ అనే ఆమె ఇల్లు ఖాళీగా ఉందని తెలిసినవాళ్ళు చెప్పారు. ఇల్లు బాగుంది. ముందు గదిలో ఫ్యాను, టైల్స్, గోడకి అద్దం. గది మధ్యలో మోకాలెత్తు ఆవు ఒకటి నిలబడి, మమ్మల్ని చూసి ఏమాత్రం ఆసక్తి చూపలేదు. పుంగనూరు ఆవు. ఈ పొట్టి జాతి ఇప్పుడు ఫోన్లలో పెద్ద పేరు తెచ్చుకుంది.

"ముందు గది దానిది. మీకు ఎనక గది" అంది నాగమ్మ.

"ఆవుకి ముందు గది యాలమ్మా?" అంది సుజాత, వాళ్ళ మాటలోకే దిగిపోయి.

"దాన్ని సూసేదానికి కార్లు వస్తాండాయి తల్లీ. ఎనకుంటే ఎవురు సూస్తారు? నా మొగుడు కూడా ఇప్పుడు ఎనకనే పండుకుంటాడు."

ఆ ఇంటాయన వెనక గుమ్మంలోంచి తలాడించాడు. ఫిర్యాదేమీ లేనట్టుంది. ఆవు వచ్చాక ఇంట్లో రెండు పూటలా కూరగాయలు వండుతున్నారట. మేము మాత్రం ఆవుకి ఇబ్బంది కలిగించదలచుకోక వచ్చేశాం.

పుంగనూరుకి తిరిగొచ్చి, తొమ్మిదిన్నరకి పలమనేరు బస్సెక్కాం. పక్క సీట్లో పెద్దమండ్యం నుంచి కూతురింటికి పోతున్న రైతు కూర్చున్నాడు. టూరిస్టుల వల్ల మీకేమైనా మేలు జరిగిందా అని అడిగాను.

"జరిగిందప్పా, యాల జరగలే? టమోటాకి రేటు లేక రోడ్డు పక్కన పారబోసినామా, ఒక కారు నిలబడె. దాని ముందర నిలబడి ఫోటోలు దిగినారు. 'ఇది ఆర్గానిక్కా?' అని అడిగినారు."

"కొన్నారా?"

"కొనేది యాడిది? నన్ను రొంత పక్కకి జరగమన్నారు, ఫోటోలో అడ్డం వస్తాండానని."

అతను నవ్వాడు. నేను కూడా నవ్వాను గానీ, అతను ముందు ఆపేశాడు.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా ఒంటిగంట దాటాక కుప్పం చేరాం. మెస్సులో భోజనం బాగుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు గనక సాంబారు తమిళంలో, పల్య అనే వేపుడు కన్నడలో, పప్పు తెలుగులో ఉన్నాయి. మా ఫోన్లు కూడా మేం ఏ రాష్ట్రంలో ఉన్నామో తేల్చుకోలేక రెండు మూడు స్వాగతాలు చెప్పాయి.

రెండో ఇల్లు ఊరి చివర. యజమాని మునెప్ప, ఆయన భార్య కమలమ్మ, పక్కనే వాళ్ళ సొంత ఇంట్లో ఉంటారు. రెండు గదులు, వంటిల్లు, వెనకాల ఒక పెద్ద బండ. అంతే.

"ఈ పక్క చూడ్డానికి ఏమైనా ఉన్నాయా?" అని జాగ్రత్తగా అడిగాను.

మునెప్ప నొచ్చుకున్నాడు. "ఏముండాది సార్ ఈడ, బండ తప్ప! మేకలు కూడా ఎక్కవు దాన్ని."

నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. అద్దె, అడ్వాన్సు అయిదు నిమిషాల్లో కుదిరాయి. సుజాత సంచి విప్పింది. కమలమ్మ గిన్నెను చూసి సంతోషపడి, తమ ఇంట్లోంచి పాలూ, చిన్న గ్యాసు స్టవ్వూ తెచ్చింది. పాలు పొంగి తూర్పుకి ఒలికాయి. "మంచిదే తల్లీ, ఇంక ఈ ఇల్లు మీదే" అంది కమలమ్మ. నేను చదువుకున్నవాడిలా దూరంగా నిలబడ్డాను.

అలా దూరంగా నిలబడడంలోనే పొరపాటు జరిగింది. పెరట్లోకి పోయాను. ఎండ కాస్త వాలింది. బండ మీద రంగు మారింది. మేకలు ఎక్కని ఆ బండని నేను ఫోటో తీశాను. 'చూడ్డానికేమీ లేని చోట దొరికిన ఇల్లు, కుప్పం' అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అప్పుడే కొత్తగా పరిచయమైన మునెప్పా నేనూ నంబర్లు రాసుకున్నామన్న సంగతి నాకు తట్టలేదు.

నాలుగుంబావుకి తిరుగు బస్సు. వి.కోట దాటేలోపు మా పిన్ని కొడుకు లొకేషన్ అడిగాడు. నా గైడ్లు చదివి పాసై బెంగుళూరులో ఉంటున్న కుర్రాడొకడు, అక్కడ టెంటు వేసుకోవచ్చా అన్నాడు. పలమనేరు బస్టాండులో టీ తాగుతుండగా మునెప్ప ఫోన్ చేశాడు.

"సార్, మా బండ అంత బాగుండాదని మాకు తెలీదు సార్. మీరు పెట్టింది మా అల్లుడికి పంపినా. వాడు బెంగుళూరులో ఉండాడు. వాళ్ళ ఆఫీసోళ్ళు శని, ఆదివారాలకి ఇల్లు కావాలని అప్పుడే అడగతాండారంట."

నా చేతిలో టీ చల్లారిపోయింది. సుజాత ఫోను లాక్కుని స్పీకరులో పెట్టి, కమలమ్మకి ఇమ్మంది.

"కమలమ్మా, పాలు పొంగాయి కదా మన ఎదురుగానే!"

"పొంగినాయి తల్లీ, కాదన్నదెవురు? అందుకే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇల్లు మీదే. పొంగకపోయింటే ఏడు దినాలూ వాళ్ళదే కదా! ఆ రెండు దినాలు మీరూ యాడికన్నా టూరు పోయి రాండి. ఊరికే మిషను ముందర కూసుంటే నడుం పట్టుకుంటాది."

సుజాత ఒక్క క్షణం ఆలోచించి, "సరే అమ్మా. వంటింటికి మాత్రం తాళం వేసుకుని పోతాం" అంది. నెలాఖరుకి పదకొండు రోజులే ఉన్నాయి. ఆ గిన్నె మాకు వారంలో అయిదు రోజులు సంపాదించి పెట్టింది. నా చదువు రెండు రోజులు పోగొట్టింది. లెక్క ఇంతే గనక, పుంగనూరు దాకా గిన్నె సంచి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

పుంగనూరు దాటాక మళ్ళీ ఫోను. ఈసారి రామప్ప.

"స్టేటస్ సూసినా సార్! ఇల్లు దొరికిందంట, సంతోషం. బండ భలే ఉండాది."

అయిదు రోజుల సంగతి చెప్పాను.

"దానికి యాల బేజారు? శని, ఆదివారాలు మన ఇల్లుండాది కదా! మీకు తెలిసిన ఇల్లే. ఏ కుళాయి ఎట్ల తిప్పాల్నో చెప్పే పని కూడా లేదు. కొండ కూడా దగ్గర."

తొమ్మిదేళ్ళలో మేము హార్సిలీ హిల్స్ ఎక్కింది ఒక్కసారి, అది కూడా ఎవరో చుట్టాలు వచ్చినప్పుడు. ఆ మాట సుజాతతో అన్నాను.

"కొత్తిమీర ఇస్తాడేమో అడుగు" అంది.

అడిగాను. అతిథులకి ఉచితమేనట. మొదటి శనివారానికి మా పేరే రాసుకోమన్నాను.

మా వెనక వచ్చేవారికి ఒక్క సూచన. రామప్ప ఇంట్లో వంటింటి కుళాయి ఎడమకి తిప్పితేనే నీళ్ళు వస్తాయి, కుడికి తిప్పితే చేతికి ఊడి వస్తుంది. తొమ్మిదేళ్ళు బాగు చేయించమని అడిగాం. ఇకనుంచి అతిథులం గనక, ఈ వారం మారుస్తున్నాడట.