విజిల్ పెట్టకూడని కుక్కర్

మా చిన్నప్పుడు... సూర్యాపేటలో మా వంటింట్లో ఒక సాయంత్రం. అమ్మ పీట మీద కూర్చుని బ్రెడ్డు ముక్కలు తుంచి గిన్నెలో పరుస్తోంది. పక్కన ఇంకో గిన్నెలో పాలు, గుడ్లు, చక్కెర, యాలకుల పొడి కలిపి గిలక్కొట్టి పెట్టింది. తెల్లారితే కోదాడ బస్సు ఎక్కాలి... అక్కడొక బడిలో టీచరుగా మొదటి రోజు.

ఆ ఉద్యోగానికి బాపు, అదే మా నాన్న, ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు. "పిల్లలు ఆకలితోని బడికి పోవద్దు. ఒక్కనాడు పోయినా సరే, ఉద్యోగం బంద్" అని ముందే చెప్పేశాడు. బాపు మాటంటే మాటే. ఎదురు చెప్పగలిగింది నానమ్మ ఒక్కతే. ఆవిడేమో అమ్మ ఉద్యోగం ఊసెత్తితే చాలు, మూతి ముడుచుకుని వక్కలు కత్తిరించుకుంటూ కూర్చునేది. ఆవిడా బాపు వైపే అనుకున్నాం.

మేం నిద్ర లేవకముందే అమ్మ బస్సెక్కేయాలి. మరి మా టిఫిన్ ఎట్లా? మిర్యాలగూడ చిన్నమ్మ ఉపాయం చెప్పింది. ముందు రోజే బ్రెడ్డును పాలు, గుడ్లలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున కుక్కర్ అడుగున ఇసుక పోసి, ఆ గిన్నె అందులో పెట్టి, సన్నసెగ మీద వదిలేస్తే చాలట... పైన ఎర్రగా, లోపల మెత్తగా వస్తుందట. అప్పట్లో మా వీధిలో ఓవెన్ ఎవరింట్లో ఉంది చెప్పండి! కేకు తినాలన్నా ఇసుక కుక్కరే దిక్కు.

ఒక్కటే జాగ్రత్త. మూతకు రబ్బరు, విజిల్ ఉండకూడదు. అమ్మ ఆ రెండూ తీసి గూట్లో పెట్టింది.

"అత్తమ్మా, నేను పోయినంక స్టవ్ అంటియ్యిండ్రి. సిమ్ముల్నే ఉంచుండ్రి. రబ్బరు, విజిల్ మాత్రం పెట్టొద్దు."

"ఊఁ" అంది నానమ్మ. విన్నదో లేదో ఆ దేవుడికే తెలియాలి.

పొద్దున నేను లేచేసరికి అమ్మ వెళ్లిపోయింది. వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా... కుక్కర్ మూత మీద విజిల్ కూర్చుని ఉంది!

"నానమ్మా! అమ్మ పెట్టొద్దన్నది గదా!"

"గిదేం ముచ్చటే? విజిల్ లేని కుక్కర్ యాడనన్న ఉంటదా? తొందర్ల మీ అమ్మ గూట్లనే మర్చిపోయింది. రబ్బరు గూడ నేనే ఎక్కించిన. మూడు కూతలు రానియ్యి, దించుదాం."

ఇక కూతల కోసం చూడటమే మా పని. తమ్ముడు బడి బట్టలేసుకుని ముందు పళ్లెం పెట్టుకున్నాడు. కుక్కర్ ఉలకదు, పలకదు. అడుగున నీళ్లు లేనిది కూత ఎక్కడినుంచి వస్తుంది? నాకా సంగతి తెలియదు. ఇన్నేళ్లూ అన్నానికీ పప్పుకూ కూతలు లెక్కపెట్టిన నానమ్మకూ తట్టలేదు.

"సెగ సాలనట్టున్నదే" అని నానమ్మ మంట పెంచింది.

కూత రాలేదు... వాసన వచ్చింది. ముందు మాడిన పాల వాసన, ఆ వెనకే కాలిన రబ్బరు వాసన. నానమ్మ గబగబా స్టవ్ కట్టేసింది. కాసేపు ఆగి మూత తీస్తే రబ్బరు కరిగి అంచుకు అతుక్కుపోయింది. గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయింది.

అయిపోయింది... అమ్మ ఉద్యోగం మొదటి రోజే ఖతం. అమ్మ అక్కడ ఏ క్లాసులో నిలబడి ఉందో, ఇక్కడ ఇంత జరిగిందని ఆమెకేం తెలుసు? నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడేమో ఆకలి, ఆకలి అని ఒకటే గోల.

అంతలో బాపు రానే వచ్చాడు. "ఏందీ వాసన?" అంటూ గిన్నెలోకి తొంగి చూశాడు. "నేను చెప్పిన్నా లేదా? సాయంత్రం రానియ్యి దాన్ని... చెప్త."



"ఎవలికి చెప్తవ్‌రా?" నానమ్మ గరిటె పట్టుకునే లేచింది. "మాడగొట్టింది నేను. విజిల్ పెట్టొద్దని కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేనే ఇనలే. చెప్పేదుంటే నాకు చెప్పు."

బాపు గిన్నె దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

నానమ్మ పైపైన బాగున్న ముక్కలన్నీ గీరి తీసి, వేడి పాలు పోసి మా ఇద్దరికీ పెట్టింది. మాడిన పెచ్చులు తన పళ్లెంలో వేసుకుని కరకరా నమిలింది. "సూడు, పిల్లలు తింటున్నరు. ఆకలితోని ఎవ్వలు పోతలేరు బడికి" అంది బాపుతో. నిజం చెప్పొద్దూ... ఆ ముక్కలు ఎంత బాగున్నాయో!

సాయంత్రం అమ్మ చెప్పులైనా విడవకుండా గడపలోనే అడిగింది. "పిల్లలు తిన్నరా అత్తమ్మా?"

"తిన్నరు తియ్యి. కొత్త రబ్బరు ఒకటి తెప్పియ్యాలె. రేపటికి గూడ నానబెట్టు."

అమ్మ, నీళ్లలో నానుతున్న మాడిన గిన్నె వైపు చూసింది, నానమ్మ వైపు చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా అమ్మ బడి మానలేదు.

ఇప్పుడు నేనూ ముందు రోజే బ్రెడ్డు నానబెట్టి డ్యూటీకి పోతున్నాను. మా ఓవెన్ టైముకు దానంతటదే ఆగిపోతుంది. అయినా బస్సెక్కాక ఒకటే ఆలోచన... పిల్లలు తిన్నారో లేదో, ఎవరేమంటారో అని. మీ ఇండ్లల్లో కూడా ఇట్లా కోడలి మీద మాట పడనివ్వని అత్తమ్మలుంటే కింద రాయండి, చదవాలని ఉంది.

నానమ్మ పోయి చాలా ఏళ్లయింది... ఇప్పుడు నా వంటింట్లో ఏదైనా మాడితే, అది నా ఒక్కదాని తప్పే.