మూసిన తలుపు ముందు మా అయ్యగారు

ఆ కబురు మొదట తెచ్చింది పక్కింటి అప్పలమ్మ. "మీ తమ్ముడు తలుపేసుకున్నాడప్పా. లోపల కత్తి నూరతన్నాడు, పిలిస్తే పలకడం నేదు" అంది.

అప్పట్లో మలయాలో సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. తమ్ముడు దావీదు కొడుకు జ్వరంతో పోయి వారమైంది. ఏడిస్తే విశ్వాసం లేనట్టని మా సంఘంలో అనుకునేవారు. సమాధి దగ్గర మా సంఘం పాస్టరు అయ్యగారు "దేవుని చిత్తం, ఏడవకు" అన్నారు. ఆ తరువాత తోట దొర పిలిపించినా తమ్ముడు పనికి పోలేదు.

ఆ రోజు నేను తమ్ముడి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమే మబ్బు కమ్మి చీకటైంది. అయ్యగారు వచ్చి తలుపు ముందు బైబిలు తెరిచి వాక్యం చదవడం మొదలుపెట్టారు.

"సిత్తం అని మళ్ళీ అంటే నాను బతకను, అయ్యా" అన్నాడు తమ్ముడు. కత్తి నూరే చప్పుడు ఆగిపోయింది.

అయ్యగారు బైబిలు మూసి గడప మీద కూలబడ్డారు. "నా కూతుర్నీ ఈ మన్నులోనే పెట్టినాను, దావీదూ. ఏడిస్తే మీకేటి సెప్పగలనని బయమేసి ఏడవనేదు. అందుకే నిన్నూ ఏడవనియ్యనేదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చారు.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తమ్ముడు కత్తి నా చేతిలో పెట్టి, ఆయన పక్కన కూర్చుని ఏడ్చాడు.

తమ్ముణ్ణి నాకు మిగిల్చిన దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. అయ్యగారు ఇప్పటికీ వాక్యం చెబుతూ తోట తోటకూ ఒంటరిగానే తిరుగుతున్నారు. ఇది చదివినవారు మీ ప్రార్థనలో ఆయనను తలచుకోండి.