పెద్దాసుపత్రి వెనక వంట

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులన్నీ విశాఖపట్నంలో, పెద్దాసుపత్రి వరండాలోనే గడిచిపోయాయి. మాది అనకాపల్లి. నాన్న బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. అమ్మ కడుపులో గడ్డ ఉందని, పెద్ద డాక్టర్లకి చూపించాలని మా ఊళ్ళో చెబితే, నాన్న పని మానేసి అమ్మని పట్నం తీసుకొచ్చాడు. నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వెంటబెట్టుకొచ్చాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఊరికి కబురు చెప్పాలంటే ఆసుపత్రి గేటు దగ్గర రూపాయి ఫోను ముందు జనం వరస కట్టి నిలబడేవారు.

వచ్చిన కొత్తలో మాకు తిండి సంగతే తెలియలేదు. పొద్దున్న బన్ను, టీ. మధ్యాహ్నం నాన్న హోటల్ నుంచి ఒక పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, తను అక్కడే తినేసి వచ్చానని చెప్పేవాడు. ఆ మాట నేను నమ్మేదాన్ని. మందుల చీటీ చేతికొచ్చిన ప్రతిసారీ ఆయన ముఖం ఇంకొంచెం లోపలికి పోయేది. అమ్మకి ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఆమె తినలేని చోట మేం కడుపునిండా తినడం ఏదో తప్పులా ఉండేది మా ఇద్దరికీ.

పక్క మంచం మీద ఉన్నావిడకి తోడుగా వాళ్ళ అక్క ఉండేది. హార్బరు దగ్గర చేపలు అమ్ముకునే మనిషి. ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు, పెద్ద గొంతు. నేను పెద్దమ్మా అనేదాన్ని. అమ్మ, నాన్న ఆమెని అక్క వరసన 'అప్పా' అని పిలిచేవారు. ఒకరోజు ఆమె నాన్న ముందు నిలబడి, "ఏటి నాయినా, పిల్లకి రోజూ బన్నేనా? నీ మొహం సూడు, రోగం నీకా నీ పెళ్ళానికా తెలవట్లేదు. నువ్వు పడిపోతే ఆ తల్లిని ఎవడు సూత్తాడు?" అంది. నాన్న తల దించుకున్నాడు. "పట్నంలో తిండి ఖరీదు కదప్పా," అన్నాడు. "పట్నంలో కాదు, హోటల్లో ఖరీదు. రేపు గుంటని నాతో పంపించు," అని నన్ను చూపించి ఆమె లేచిపోయింది.

మర్నాడు తెల్లవారగానే సిటీ బస్సెక్కి హార్బరుకి వెళ్ళాం. పడవలు వచ్చి ఆగాయి. పెద్ద పెద్ద చేపలకి వేలంపాట పాడుతున్నారు, గంపలు తలకెత్తుకున్న ఆడవాళ్ళు పరిగెడుతున్నారు, నేలంతా కరుగుతున్న ఐసు. పెద్దమ్మ వాటి వంక చూడలేదు. పెద్ద చేపల వ్యాపారులు వెళ్ళిపోయేదాకా ఆగి, ఒక మూల కుప్పగా పోసిన నెత్తళ్ళ దగ్గర కూర్చుంది. వేలెడంత చేపలు, వెండి పూత పూసినట్టు ఉన్నాయి. "ఇలా మెరవాలి. పొట్ట పగిలిందీ, మసకబారిందీ తియ్యకు," అని నా చేత ఏరించింది. సాయంత్రం రైతుబజారుకి తీసుకెళ్ళింది. అమ్మేవాళ్ళు మూటలు కట్టుకునే వేళకి వెళ్తే వాడిన తోటకూర, మెత్తబడ్డ టమాటాలు అడిగినదానికి ఇచ్చేసేవారు. వాడిన కూరని నీళ్ళలో పెడితే మళ్ళీ ప్రాణం పోసుకుని నిలబడడం నేను ఆమె దగ్గరే చూశాను.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. రోగులతో వచ్చినవాళ్ళు అక్కడ వండుకునేవారు. పెద్దమ్మ కిరసనాయిలు స్టవ్వు మీద మా అన్నం, వాళ్ళ అన్నం కలిపే వండేది. మేము బియ్యం తెచ్చేవాళ్ళం. నాన్న తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. మా చర్చి ప్రార్థనలు ఆమెకి తెలియవు. కానీ ఆయన కళ్ళు తెరిచేదాకా గిన్నె మీద మూత తీసేది కాదు.

ఈ సంగతులన్నీ నేను వార్డుకి వెళ్ళి అమ్మకి చెప్పేదాన్ని. మొదట్లో చెప్పడానికి జంకాను. అమ్మే అడిగింది, "ఏటి వండేరివాళ? దగ్గరికొచ్చి సెప్పు," అని. చెబుతుంటే ఆమె కళ్ళల్లో వెలుగు వచ్చేది. పెళ్ళికి ముందు నుంచీ అమ్మ వంటంటే మా బంధువుల్లో పేరు. మెల్లగా తనే వంట చెప్పడం మొదలుపెట్టింది. పులుసులో మామిడికాయ ముక్కలు ముందు సగం ఉడకాలని, అప్పుడు నెత్తళ్ళు వెయ్యాలని, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని అటూ ఇటూ కదపాలని. నేను ఆ మాటలు మోసుకుని షెడ్డుకి పరిగెత్తేదాన్ని. చివర్లో చిన్న బెల్లం ముక్క వెయ్యమందని చెబితే మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు. "సేపల పులుసులో బెల్లమేటే? మీ అనకాపల్లోళ్ళు అన్నిట్లోనూ బెల్లమే ఏత్తారేటి?" అంది. ఆ మాట వెళ్ళి చెబితే అమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని, నొప్పితోనే నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

ఒక ఆదివారం సాయంత్రం అమ్మే మమ్మల్ని బీచికి తోలింది. అక్కడ కూర్చుని తిని, వచ్చి తనకి చెప్పాలట. ఆసుపత్రి నుంచి కిందికి దిగితే సముద్రమే. చుట్టూ జనం ఐస్‌క్రీములు, మొక్కజొన్న పొత్తులు తింటున్నారు. మేము ఇసుకలో క్యారియర్ విప్పుకుని వేడన్నం, వేయించిన నెత్తళ్ళు, తోటకూర తిన్నాం. నాన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అంత తృప్తిగా ఆయన తినడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. తిరిగొచ్చి చెబితే, అలలు ఎంత దూరం వచ్చాయి, నాన్న ఎంత తిన్నాడు, నేనేం మాట్లాడాను, అన్నీ అడిగింది అమ్మ. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే అమ్మకి బాగా నీరసం చేసింది. ఒక పొద్దున్న నేను హార్బరుకి బయల్దేరబోతుంటే, ఇవాళ పులుసే పెట్టించమని చెప్పింది. ఇంకేదో కూడా చెప్పబోయి, తర్వాత చెబుతాలే అన్నట్టు చెయ్యి ఊపింది. మేము చేపలు తీసుకుని తిరిగొచ్చేసరికి నాన్న వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ అమ్మ మంచం పక్క నుంచి కదలని మనిషి. పెద్దమ్మ అర్థం చేసుకుని నా భుజం గట్టిగా పట్టుకుంది. నాన్న నన్ను చూసి, "మీ అమ్మ ఎల్లిపోనాదమ్మా," అన్నాడు.

అమ్మ ముఖం చూపించారు. ఆ తర్వాత కాగితాల పని కోసం నాన్న ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతున్నాడు. అనకాపల్లి తీసుకెళ్ళడానికి వ్యాను మధ్యాహ్నానికి గానీ దొరకదన్నారు. నేను వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. పెద్దమ్మ ఎటు వెళ్ళిందో తెలియలేదు. కొంతసేపటికి వచ్చి మా ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని షెడ్డుకి నడిపించింది. అక్కడ గిన్నె మూత పెట్టి ఉంది.

నాన్న వెనక్కి తిరిగాడు. "నాకొద్దప్పా. ఈ రోజు తిండేటి," అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "ఊరెల్తే అందరూ వత్తారు, అందరూ ఏడుత్తారు. ఈ గుంట కడుపు ఎవలికీ గుర్తుండదు. నువ్వు తినకపోతే అది తినదు. కూకో నాయినా," అంది. నాన్న కూర్చున్నాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు గానీ పెదాలు కదల్లేదు. ఆమె చూసి చూసి, తనే చేతులు జోడించి, "తండ్రీ, ఈల్లని తిననీ," అంది. అంతే ప్రార్థన. అన్నం కలిపి మొదటి ముద్ద నాన్న నోట్లో పెట్టింది. రెండోది నాకు పెట్టింది. నాన్న నములుతూ ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను.

నాకు ఆకలి. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పులుసు చాలా బాగుంది. పుల్లగా, కారంగా ఉండి, చివర్లో నాలుక మీద సన్నగా తీపి తగిలింది. అది మా ఇంటి పులుసు. అమ్మ చచ్చిపోయిన రోజు అన్నం రుచిగా ఉండకూడదు కదా అనిపించి ముద్ద నోట్లోనే ఆగిపోయింది. మింగలేక ఆమె వంక చూసి, "బాగుంది పెద్దమ్మా," అని చెప్పి ఏడుపు అందుకున్నాను.

ఆమె తన కొంగుతో నా మూతి తుడిచింది. "బాగుంటాది. బాగుండాలనే మీ అమ్మ సెప్పింది, బాగుండాలనే నేను బెల్లం ఏసేను. ఇది నీకు మీ అమ్మ పెట్టిన ముద్దే. తిను," అంది. నేను తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె మా పక్క నుంచి లేవలేదు. తను మాత్రం ఆ రోజు మాతో తినలేదని వ్యాను ఎక్కాక గుర్తొచ్చింది.

అనకాపల్లిలో అమ్మని సమాధి చేసిన తర్వాత ఇల్లు చాలా రోజులు చీకటిగా ఉంది. పెద్దమ్మ చెప్పినట్టే అందరూ వచ్చారు, ఏడ్చారు, వెళ్ళారు. ఆ తర్వాత నాన్నా నేనూ వంట చేసుకోవడం మొదలుపెట్టాం. అమ్మ మంచం మీంచి చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. తను లేని ఇంట్లో మేం ఏం తింటామో అన్న దిగులుతోనే అమ్మ ఆ వంటలన్నీ నా చెవిలో వేసిందని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

వానాకాలంలో నాన్న నన్ను తీసుకుని, ఒక దిమ్మ బెల్లం గుడ్డలో కట్టుకుని, పెద్దమ్మని చూడడానికి విశాఖపట్నం వెళ్ళాడు. ఆసుపత్రిలో ఆ పక్క మంచం మీద ఇంకెవరో ఉన్నారు. పెద్దమ్మ చెల్లెలు బాగుపడి వెళ్ళిందో, లేకపోతే ఏమైందో నర్సులకి గుర్తులేదు. హార్బరులో వెతికాం. పేరేమిటని అడిగారు. మాకు పేరు తెలియదు. అప్పా అనీ పెద్దమ్మా అనీ పిలిచామే తప్ప పేరు ఎప్పుడూ అడగలేదు. బెల్లం మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాం.

ఇప్పుడు మా వీధిలో ఎవరింట్లో ప్రాణం పోయినా నేను అన్నం వండి పట్టుకెళ్తాను. ఉప్పూ కారం సరిచూసి, రుచిగానే వండుతాను. వెళ్ళగానే ఆ ఇంటి పిల్లలు ఏ మూల కూర్చున్నారో వెతుకుతాను. తింటే ఎవరేమనుకుంటారో అని వాళ్ళు బెదురుగా చూస్తారు. పక్కన కూర్చుని, ముద్ద కలిపి నోటికి అందిస్తాను. బాగుందని ఆ పిల్లలు తలాడించేదాకా అక్కణ్ణుంచి లేవను.