సిమెంటు లేని గోడ

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి వాళ్ళ ఇంటికి ముందు వైపు మాత్రమే ఇటుక. మిగిలిన మూడు వైపులా ప్లాస్టిక్ పలకలు. వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగుతాయి. పోనీ ముందున్న ఆ ఇటుకైనా గోడా అంటే అదీ కాదు, చెక్కకు తొడిగిన చొక్కా. వీధి వీధంతా అదే వరస. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడికి కడుపు మండదా? రెండువేల తొమ్మిది సెప్టెంబరు ఆఖర్న మేము దిగిన రోజే అల్లుడితో ఆ మాట అన్నాను.

“మామయ్య గారూ, స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి కొన్నాం, బళ్ళు మంచివని. గోడలు చూసి ఇల్లు ఎవరు కొంటారండీ?” అన్నాడు.

నేను కొంటాను.

నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. తరవాతి చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల్లోనూ, సిమెంటు సంచుల మీది అచ్చులోనూ, అట్ట ఊడిన ఒక డిక్షనరీలోనూ సాగింది. నేను చెప్పిన కొలతనే తిరిగి నాకు చెప్పి జీతం తీసుకున్న ఇంజనీర్లు ఎంతమందో. ఒక్కొక్కరి పేరూ గుర్తుంది. ఇక్కడ రాయను, అంతే.

మా ఆవిడ నాకు ఇటుకలందించే కూలీగా పరిచయం. అప్పుడు “మేస్త్రీ” అని పిలిచేది. పెళ్ళయి పిల్లలు పుట్టాకా అదే పిలుపు. మేము అమెరికా వెళ్ళడానికి ముందటేడు వేసవిలో ఆమెకు కుడి వైపు పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది, చెయ్యి రాలేదు. వేళ్ళు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయేవి. వాడుతూ ఉంటే వస్తుంది, వదిలేస్తే అలాగే ఉండిపోతుంది అన్నాడు తెనాలి డాక్టరు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. “బంతులాడే వయసా నాది?” అని దాన్ని మంచం కిందకు విసిరేసింది. అసలు బాధ అది కాదు. ఎడమ చేత్తో చెంచా పట్టి నలుగురిలో తినలేక, అందరూ లేచాక వంటింట్లో గోడ వైపు తిరిగి తినేది. పని దగ్గర ఇరవై మందితో కలిసి గిన్నె మూత తీసి, పక్కవాళ్ళ కూర లాక్కుని నవ్వుతూ తిన్న మనిషి. ఆమె మళ్ళీ తన చేత్తో అన్నం కలుపుకుంటుందా లేదా? వీసా ఉన్న ఆ ఆరు నెలలూ నాకున్న దిగులు అదొక్కటే.

నడిపించమన్నారు. ఆష్‌బర్న్ వీధుల్లో రెండు రోజులు నడిచింది. మూడో రోజు “ఇళ్ళన్నీ ఒకటే. ఎంత నడిచినా బయల్దేరిన చోటే ఉన్నట్టుంది” అని కూర్చుండిపోయింది. అప్పుడు అల్లుడు ఒక శనివారం మమ్మల్ని కారులో పడమటి కొండ దాటించాడు.

కొండ దిగగానే దేశం మారిపోయింది. ఒక వాగు మెలికలు తిరుగుతూ పెద్ద ఏటి వైపు పోతోంది. ఏటవాలు గడ్డి మీద నల్లటి ఆవులు. పొలానికీ పొలానికీ మధ్య నడుమెత్తు రాతి గోడలు, కొండ పైదాకా. వాగు మీద రెండు కమానుల రాతి వంతెన. కారు ఆగగానే మా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, గట్టంట కిందకు పోయి, కమాను కింద తల వంచి చూసింది.

“మేస్త్రీ, దీని కింద సెంటరింగు కర్రలు విప్పినోడు ఎవడో గానీ, గుండెలు తీసిన బంటు!” అంది.

అంత పొడుగు మాట ఆమె నోటి వెంట విని చాలా నెలలైంది. ఆ రోజు నుంచి శనివారాలు ఆ లోయవి. అల్లుడు మమ్మల్ని దింపి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్ళో కాఫీ కొట్టులో కూర్చునేవాడు. మూడు గంటల తరవాత వచ్చేవాడు. మేము పాత పెరుగు డబ్బాల్లో అన్నం పెట్టుకుని తిరిగేవాళ్ళం. ఒక వారం చర్చి. అక్కడ ఒరిగిపోయిన సమాధి రాళ్ళ మీద అక్షరాలు నేను కూడబలుక్కుని చదువుతుంటే ఆమె ఏ రాయి ఎవరు చెక్కారో చెప్పేది. ఇది మంచి ఉలి, ఇది తాగి చెక్కింది అని. చర్చి తోట చివర చెట్ల కింద పేరూ ఊరూ లేని మొరటు రాళ్ళు పాతి ఉన్నాయి. బానిసల సమాధులవి అని పక్కనే పలక. వాగు మలుపులో ఉన్న పిండిమర దగ్గర ఇంకో పలక. ఫలానా దొర ఈ మరను కట్టెను అని. కట్టెనట! ఆయన చేతికి ఒక్కనాడైనా సున్నం అంటిందా? కట్టినవాళ్ళు అక్కడ పేరు లేని రాళ్ళ కింద ఉన్నారు. నేను పైకే తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఆ మర కింది అంతస్తు రాయి, పై అంతస్తు ఇటుక. ఒక ఇటుక పొడుగ్గా, పక్కది తల మాత్రం కనిపించేలా, మళ్ళీ పొడుగ్గా. చిన్నప్పుడు ఒక ఓవర్సీరు దగ్గర నేర్చుకున్న కట్టు. ఫ్లెమిష్ బాండ్. నా ప్రాణం లేచి వచ్చింది.

మర వెనక మైదానంలో ఒక రాతి గోడకు గండి పడి ఉంది. చెట్టు కూలి పడ్డట్టుంది, మూడడుగుల మేర రాళ్ళు గడ్డిలో దొర్లి ఉన్నాయి. చూసి ఎలా పోతాను? మా డెల్టాలో రాయే లేదు. ఉన్నదల్లా ఇటుక. రాళ్ళ మధ్య సున్నం గానీ సిమెంటు గానీ ఏమీ కనిపించకపోతే, పాపం గతిలేక ఒట్టి రాళ్ళు పేర్చి వదిలేశారనుకున్నాను. అమ్మాయి వాళ్ళ గ్యారేజిలో కంచె స్తంభాలకు వాడగా మిగిలిన సగం సంచి సిమెంటు ఉంది. మరుసటి శనివారం నాలుగు పెరుగు డబ్బాల్లో సిమెంటు, ఒక డబ్బాలో పులిహోర. నా తాపీ ఎలాగూ సూట్‌కేసులో నాతోనే వచ్చింది. నీళ్ళు వాగులోవి, ఇసుక వాగులోదే.

మూడు శనివారాలు పట్టింది. ఆమె ఆ కూలిన చెట్టు దుంగ మీద కూర్చుని ఎడమ చేత్తో రాళ్ళు ఎంచేది. “అది కాదు మేస్త్రీ, ఆ చప్పిడిది. నీకు ఎప్పుడూ కళ్ళు లేవు.” రెండో వారం నేను ఒక పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కింద సందులో పెట్టడానికి చిన్న రాయి కోసం తడుముకుంటున్నాను. ఆమె లేచి వచ్చి ఒక ముక్కను సందులోకి తోసి బొటనవేలితో నొక్కింది. కుడి బొటనవేలు. నేను చూశాను. చూడనట్టే రాయి దించాను. ఏమన్నా అంటే ఆగిపోతుందేమోనని భయం.

పని పూర్తయినప్పుడు వదలని అలవాటు ఒకటుంది మాకు. ఆమె కొంగు ముడి విప్పి, గోడకు పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టింది.

తరవాతి శనివారం ఆ గోడ దగ్గర కర్రకు ప్లాస్టిక్ కవరు కట్టి, అందులో కాగితం. ‘దయచేసి ఈ గోడకు సిమెంటు, రంగు పొడి పెట్టినవారు మరలో ఉన్న నన్ను కలవండి. ఇది చరిత్ర గల కట్టడం.’ నేను కూడబలుక్కునే లోపల, ఆ పూట గోడ చూద్దామని మాతో దిగిన అల్లుడు చదివేశాడు. గోడ వైపు చూశాడు, బొట్ల వైపు చూశాడు, మా వైపు చూశాడు.

“పసుపు కుంకుమ పెట్టారా? మామయ్య గారూ, సైన్ చేసి ఫోన్ నంబర్ కూడా రాయాల్సింది!”

“పడిపోయిన గోడ కట్టడం తప్పా?”

“ఇక్కడ తప్పే! హిస్టారిక్ ప్రాపర్టీ డ్యామేజ్ అని కేస్ ఫైల్ చేస్తే? నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇంక ఇటు రావద్దు. వచ్చే వారం నుంచి మాల్‌కి వెళ్దాం. లోపల ఏసీలో ఎంతసేపైనా నడవచ్చు.”

మంచివాడే. భయపడ్డాడు. కానీ మా ఆవిడ ముఖం నాకు కనిపించింది. కారెక్కాక, సీటు మీద ఆ కుడి చెయ్యి మళ్ళీ పని లేనిదై పడి ఉంది.

“నువ్వెళ్ళి చెప్పు మేస్త్రీ. కట్టింది మనం, దాక్కునేదేంది?” అంది.

వెళ్ళాను. ఆమె నా వెనకే దిగింది. అల్లుడు మా వెనకే, ఫోను పట్టుకుని.

మరను చూసుకునే ఆవిడకు మా వయసే ఉంటుంది. నడుముకు తోలు సంచీ, జేబులో సుత్తి. మనిషిని చూడగానే పనిమనిషి అని తెలిసింది నాకు. పనిచేసే మనిషి అని నా ఉద్దేశం. నాకొచ్చిన ఇంగ్లీషులో మేమే కట్టామన్నాను. తాపీ పని నలభై ఏళ్ళు చేశానన్నాను, గతిలేక ఒట్టి రాళ్ళు పేర్చారు కాబట్టి సిమెంటు పెట్టానన్నాను, కాస్త గొంతు పెంచే.

ఆవిడ నన్ను గోడ దగ్గరకు తీసుకెళ్ళింది. నేను కట్టిన ముక్క మీద అరచెయ్యి వేసి, “రాళ్ళ కూర్పు చాలా బాగుంది. మీ ఊళ్ళో చలికాలం నీళ్ళు గడ్డ కడతాయా?” అని అడిగింది.

“లేదు.”

“ఇక్కడ కడతాయి. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటే వాన నీళ్ళు జారిపోతాయి. సిమెంటు పెడితే లోపలే నిలిచి, గడ్డకట్టి ఉబ్బి, రాయిని పగలగొడతాయి. ఇది గతిలేక కట్టిన గోడ కాదు.”

నలభై ఏళ్ళు. ఎండకు ఎలా కట్టాలో, వానకు ఎలా కట్టాలో, ఉప్పునేలలో ఎలా కట్టాలో తెలుసు. మంచు సంగతి ఒక్కటే నాకు తెలియదు. పేరు లేని రాళ్ళ కింద పడుకున్నవాళ్ళకు తెలుసు. ఇంజనీర్ల మీద మోపాల్సిన కోపం ఆ పూట నా మీదే మోపుకున్నాను.

“మంచు పడేలోగా విప్పి, ప్రతి రాయికీ సిమెంటు గీకేయాలి. ఎవరు చేస్తారు?” అంది ఆవిడ.

“నేను.”

“మీరొక్కరేనా?”

మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా ముందుకొచ్చి నిలబడింది. మర ఆవిడ సంచీలోంచి ఇనప తీగల బ్రష్షు తీసి, ఏమీ తెలియక, మా ఆవిడ కుడి చేతిలోనే పెట్టింది. అది జారి గడ్డిలో పడింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. నేను చెప్పబోతే మా ఆవిడ కళ్ళతోనే నోరు మూయించింది. మూడోసారికి బ్రష్షు నిలిచింది.

“కేస్ లేదు కదండీ?” అని అల్లుడు ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ నవ్వి, “ఉంది. ప్రతి శనివారం పది గంటలకు” అంది.

అలా శిక్ష పడింది మాకు. చలి ముదిరాక రాళ్ళు మర కింది గదిలోకి మోసుకుని, పొయ్యి పక్కన కూర్చుని గీకేవాళ్ళం. మొదట్లో ఆమె బ్రష్షు రెండు నిమిషాలు ఆడేది, సంక్రాంతి పండగ నాటికి అరగంట. మధ్యలో మాటలు. మర ఆవిడ చిన్నతనంలో బెల్జియం నుంచి వచ్చిందట. వాళ్ళ ఊరు కూడా ఏటి ఒడ్డే, ఇలాంటి మరే, ఇలాంటి ఇటుకే. ఫ్లాండర్స్ అంది, మేము ఫ్లెమిష్ వాళ్ళం అంది. ఫ్లెమిష్ బాండా అన్నాను. “అవును, మా పేరే” అంది. ఇన్నేళ్ళూ అదెవరో తెల్ల ఇంజనీరు పేరనుకున్నాను. తీరా చూస్తే ఒక దేశం, అందులో ఒక ఏరు, ఆ ఏటి ఒడ్డున పుట్టిన ఈవిడ. ఎవరైనా నాకు చెప్పారా? చెప్పరు. మేస్త్రీకి ఎందుకు?

మొదటి మంచుకు ముందే గోడను ఒట్టి రాళ్ళతో మళ్ళీ కట్టేశాం. మిగిలిన వారాల్లో ఆవిడ వేరే గోడల రాళ్ళు తెచ్చి పోసింది. అవి నిజంగా గీకాల్సినవేనా అని నేను అడగలేదు.

మార్చి ఆఖరి శనివారం, మా విమానానికి మూడు రోజుల ముందు, మళ్ళీ వెళ్ళాం. మంచు కరిగి వాగు నిండుగా పోతోంది. గోడ ఒక్క రాయి కదలకుండా ఉంది. అడుగున ఒకచోట మాత్రం నేను చూడక వదిలేసిన సిమెంటు ముక్క రస్కులా విరిగి బయటకు వచ్చింది. దాన్ని తీసి చూపించాను.

“నలభై ఏళ్ళ మేస్త్రీ!” అంది మా ఆవిడ.

మర ఆవిడ కాఫీ తెచ్చింది. ముగ్గురం దుంగ మీద కూర్చున్నాం. మా ఆవిడ పెరుగు డబ్బా మూత తీసింది. పెరుగన్నం. పొద్దున్నే నేను కలిపిందే.

“ఇది సిమెంటు డబ్బా కాదు కదా?” అన్నాను.

సంచీలో చెంచా ఉంది, ఆమె దాని వైపు చూడలేదు. గోడ వైపు తిరగనూ లేదు. డబ్బా ఎడమ చేత్తో ఒళ్ళో అదిమి పట్టుకుని, కుడి చెయ్యి అందులో పెట్టి కలుపుకుంది. మొదటి ముద్ద సగం కోటు మీద పడింది. నేను వాగు వైపు చూడడం మొదలుపెట్టాను. పాపం, మర ఆవిడ మర్యాద మనిషి, లేచి లోపల నుంచి ఒక చెంచా పట్టుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా ముఖంలో ఏం చూసిందో, చెంచా జేబులో సుత్తి పక్కన పెట్టేసుకుని కూర్చుంది.

“ఉప్పు తగ్గింది మేస్త్రీ,” అంది మా ఆవిడ, వేళ్ళు నాక్కుంటూ.