కుట్టు లేని పైపు

కరీంనగర్ ఫైర్ స్టేషన్‌లో నాకు పని దొరికిందని చెప్పిన రోజు మా బాపు మగ్గం గుంతలోంచి లేవలేదు. చేతిలో నాడె పడుగు పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

"మగ్గం మీద కూసుంటె కాళ్లు గుంజుతున్నయని ఇడిసిపెట్టినవు. ఇగ మంటలల్ల దుంకుతనంటవు. మంచిగనే ఉంది" అన్నాడు.

ఆ తర్వాత ఏడాది దాకా మా ఇద్దరి మధ్య పెద్దగా మాటల్లేవు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్లయి ఉంటుంది. నాకు ఇరవై నాలుగేళ్లు, పెళ్లయి కరీంనగర్‌లోనే కాపురం. నేను పుట్టిన సాలెవాడ కరీంనగర్‌కు బస్సులో గంటన్నర దూరాన ఒక చిన్న ఊళ్లో ఉండేది. పండక్కో పబ్బానికో ఇంటికి పోతే అవ్వే మాట్లాడేది. బాపు నా బూట్ల వైపు ఒకసారి చూసి మళ్లీ పోగులు అతుక్కునేవాడు.

మా స్టేషన్‌లో ఉన్నది ఒకటే బండి. ఒళ్లంతా ఎరుపు. ముందు ఇత్తడి గంట, నెత్తిన నిచ్చెన, నడుములో నీళ్ల తొట్టి, వెనక పెద్ద పంపు. పక్క అరలో ఇంకో చిన్న పెట్రోలు పంపు ఉండేది. దానికి నాలుగు పిడులు, నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. మిగతా అరల్లో గొడ్డళ్లు, కొక్కేల కర్రలు, మోకులు, చాపల్లా చుట్టిపెట్టిన గుడ్డ పైపులు. రోజూ పొద్దున ఇత్తడి గంట మీద వేపాకంత మరక కూడా లేకుండా తోమేవాళ్లం. జిల్లాలో ఎక్కడ నిప్పు లేచినా పోవలసింది ఈ ఒక్క బండే కదా అని తల్చుకుంటే, తోముతున్నప్పుడు నా చెయ్యి తెలియకుండానే నెమ్మదించేది.

మా జట్టు పెద్ద జమేదారు నిజాం జమానాలోనే ఈ పనిలో చేరిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ అరలో ఏముందో చూడకుండానే చెయ్యి చాపి అందుకునేవాడు. మా కళ్లకు రుమాళ్లు కట్టి మాతోనూ అలాగే చేయించేవాడు.

"పొగల కండ్లు పనిచెయ్యయి బేటా. చేతులకు యాద్ ఉండాలె" అనేవాడు.

పైపు చివర ఇత్తడి మూతి ఉంటుంది. దాన్ని మేం బ్రాంచి అంటాం. మొదటిసారి నా చేతికి బ్రాంచి ఇచ్చినప్పుడు నీళ్లే కదా అనుకుని తేలిగ్గా పట్టుకున్నాను. పంపు అందుకోగానే అది నన్ను వెనక్కి తోసి, మైదానంలో వెల్లకిలా పడేసింది. పైపు పాములా మెలికలు తిరిగి ఇద్దరు ఫైర్‌మన్లను తడిపేసింది. జమేదారు నవ్వలేదు. నన్ను లేపి, వెనక కాలు ఎలా పాతుకోవాలో, బ్రాంచిని చంకకింద ఎలా నొక్కిపెట్టాలో చూపించాడు. రెండోసారి నిలబడ్డాను. రెండంతస్తుల మేడంత ఎత్తుకు నీళ్లు లేచి, అక్కడ విరిగి, వానలా నా మీదే పడ్డాయి. చిన్నప్పటి నుంచి చేదతో నీళ్లు తోడినవాణ్ని. నీళ్లు తమంతట తాము పైకి పోవడం అదే మొదటిసారి చూడటం.

ఆ చలికాలంలో బాపు నూలు పని మీద కరీంనగర్ చేనేత సహకార సంఘం ఆఫీసుకు వచ్చాడు. నా కోసం అవ్వ పంపిన సకినాల మూట ఇచ్చి పోదామని స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు. అప్పుడే మేం తడిసిన పైపుల్ని ఎత్తైన స్తంభానికి కప్పీతో గుంజి ఆరేస్తున్నాం. ఒక పైపు పైనుంచి కిందిదాకా తెల్లగా వేలాడుతూ ఉంది. బాపు దాన్ని చూసి, రానన్న మాట మరిచి, నేరుగా దాని దగ్గరికి నడిచాడు.

రెండు వేళ్ల మధ్య పైపు అంచు పట్టుకుని నలిపాడు. "ఇది నూలు గాదు. నార" అన్నాడు. తర్వాత ఇంకో అంచు పట్టుకున్నాడు. కింద ఎండుతున్న ఇంకో పైపు దగ్గర కూర్చుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా చేతుల మీద జరుపుకుంటూ పోయాడు. యాభై అడుగుల పైపు. చివరికి చేరాక మళ్లీ మొదటికి వచ్చాడు.

"దీని కుట్టు ఏడుందిరా" అని నన్ను అడిగాడు. ఏడాదిలో ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది.

"కుట్టు లేదు బాపు. గట్లనే నేసిండ్రు."

"కుట్టు లేకుంట గుండ్రంగ ఎట్ల నేస్తరు?"

నాకు తెలియదన్నాను. ఏడాదిగా రోజూ మోస్తున్నాను గానీ ఆ ప్రశ్న నాకు తోచలేదు. బాపు అక్కడే నేల మీద కూర్చున్నాడు. పుల్ల తీసుకుని మట్టిలో గీతలు గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. జమేదారు వచ్చి పక్కన నిలబడితే కూడా తల ఎత్తలేదు. కాసేపటికి నిదానంగా చెప్పాడు.

"పడుగు రెండు పొరలు. నాడె పై పొరల పోతది, కింది పొరల నుంచి తిరిగొస్తది. మళ్ల పైన. మళ్ల కింద. అంచుల కాడ తెగది. మగ్గం మీద సపాటంగనే ఉంటది. నీళ్లు వస్తెనే గుండ్రం అయితది."

జమేదారు ఆ గీతల మీదికి వంగి చూశాడు. "ఇరవై ఏండ్ల సంది పట్టుకుంటున్న. గిది నాకెవ్వలు చెప్పలే" అని, నా వైపు తిరిగి, "పంపు చాలూ చెయ్యి. మీ బాపుకు చూపిద్దాం" అన్నాడు.

ఎండిన పైపు ఒకటి నేల మీద పరిచి నీళ్లు వదిలాం. చదునుగా పడున్న గుడ్డ ఒక్కో మూరా లేచి, బిగిసి, రాయిలా అయింది. ఆ వెంటనే దాని ఒళ్లంతా చెమట పట్టినట్టు సన్నటి బొట్లు పొడుచుకొచ్చాయి. మా పైపులకు లోపల రబ్బరు ఉండేది కాదు. పొడిగా ఉన్నప్పుడు మొదట కారుతాయి. రెండు మూడు నిమిషాలయ్యాక ఆ చెమట దానంతటదే ఆగిపోతుంది. బాపు అరచెయ్యి పైపు మీద ఆనించి, ఆగిపోయేదాకా తియ్యలేదు.

"దారం నీళ్లు తాగి ఉబ్బింది. సందులు మూసుకున్నయి" అన్నాడు. బస్సెక్కే ముందు నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాతి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, స్టేషన్‌లో ఫోను మోగితే నేనే ఎత్తాను. మా ఊరి పోలీసు ఠాణా నుంచి. సాలెవాడలో నిప్పు లేచింది, గాలి ఉంది, తొందరగా రమ్మన్నారు. ఫోను పెట్టి జమేదారుకు చెప్పాను. అది మా వాడ అని ఆయనకు తెలుసు.

కంకర రోడ్డు మీద గంట కొట్టుకుంటూ పోయాం. దారి పొడుగునా ఆయన నన్ను ఓదార్చలేదు. అడగవలసినవి అడిగాడు. వాడలో సందు ఎంత వెడల్పు? కమ్మల ఇండ్లెన్ని, పెంకుటిండ్లెన్ని? నీళ్లెక్కడ? దిగుడు బావి ఉందని చెప్పాను. జవాబులు చెబుతుంటే నా గొంతు సాఫుగా వచ్చింది. ఆయన అందుకే అడిగాడేమో అని చాలా ఏళ్ల తర్వాత తోచింది.

మేం చేరేసరికి ఉత్తరం వరస ఇళ్లు అంటుకుని ఉన్నాయి. మా ఇల్లూ ఆ వరసే. వాడ మొదట్లోనే అవ్వ కనిపించింది. నెత్తిన నూలు మూట, చంకలో పక్కింటి పసిపిల్ల. "అందరు బయటనే ఉన్నరు బిడ్డా. బాపు బావికాడ ఉన్నడు" అంది. ఆ మాట చాలు నాకు.

సందులోకి బండి పట్టలేదు. వాడ మొగదలలోనే ఆపారు. తొట్టిలోని నీళ్లతో ఇద్దరు ఫైర్‌మన్లు మంట ముందుకు జరగకుండా కొడుతున్నారు. అవి నాలుగైదు నిమిషాల నీళ్లే. జమేదారు నన్నూ డ్రైవర్‌నూ చిన్న పంపు తీసుకుని బావికి పొమ్మన్నాడు. ఊరివాళ్లిద్దరు చెరో పిడి పట్టారు.

బావిలోకి చూసి డ్రైవర్ ఆగిపోయాడు. నీళ్లు అడుగున, ఎక్కడో నల్లగా మెరుస్తున్నాయి. పంపు గుంజగలిగేది ఇరవై అడుగుల లోతు నుంచే. అంతకంటే కిందికి దాని ఊపిరి అందదు. పంపే దిగాలి. మెట్లు ఇరుకు, కొన్ని విరిగి ఉన్నాయి. మోస్తున్న ఊరివాళ్లలో ఒకాయన వెనక్కి తగ్గాడు. ఆ ఖాళీ పిడి ఎవరో పట్టుకున్నారు. చూస్తే బాపు.

"ఏ మెట్టు దాంక?" అని అడిగాడు.

"నీళ్లకు రెండు నిలువులెత్తు పైన" అన్నాను.

అడుగు అడుగు చూసుకుంటూ దిగాం. బాపు నాకంటే ముందు, కింది వైపు బరువంతా మోస్తూ, మడమతో మెట్టు వెతుక్కుంటున్నాడు. వెడల్పాటి మెట్టు మీద పంపు ఆనించి, గుంజుడు పైపుకు జల్లెడ తగిలించి నీళ్లలోకి వదిలాను. డ్రైవర్ పంపు ఇంజను తాడు లాగాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారీ లేదు. మూడోసారి బావి మొత్తం మోగింది. గుంజుడు పైపు ఒక్కసారి ఒణికి, బిగుసుకుంది.

నేను పైకి పరిగెత్తాను. పైపులు ఒకదానికొకటి తగిలించుకుంటూ వాడ లోపలికి పోయి బ్రాంచి అందుకున్నాను. అప్పటికి తొట్టి ఖాళీ అయింది. నీళ్లు లేని బ్రాంచి పట్టుకుని మంట ముందు నిలబడటం ఎంతసేపో చెప్పలేను. నిమిషమే అయి ఉంటుంది. వెనక జనం అరుపులు వినిపించాయి. "పైపు పలిగింది. అంత కారుతుంది. బంద్ చెయ్యుండ్రి" అంటున్నారు. ఎవరో బావివైపు పరిగెత్తబోయారు.

బావి నుంచి పైపు వెంట నడిచి వస్తున్న బాపు వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "పలగలే. దారం నీళ్లు తాగుతుంది. జర ఆగుండ్రి" అన్నాడు.

ఆగారు. నీళ్లు నా చేతుల్లోకి వచ్చాయి.

జమేదారు నా చెవి దగ్గర చెప్పాడు. "కాలుతున్న ఇండ్ల మీద కొట్టకు. గా నూలు గోదాము గోడ తడుపు. దాని అవుతలి వరుస బతకాలె."

గోదాముకు ఈవల రెండో ఇల్లు మాది. పైకప్పు కూలిపోయింది. ఆ ఖాళీలోంచి మగ్గం కనిపించింది. అచ్చుకట్టె, తొక్కుడు పలకలు, ఇంకా కొయ్యని సగం చీర, అన్నీ ఒకే ఎరుపుగా వెలుగుతున్నాయి. నా చేతులు నాకు తెలియకుండానే అటు తిరిగాయి. బ్రాంచి మూతి నాలుగు వేళ్లంత జరిగి ఉంటుంది.

"గోదాము గోడకే కొట్టు" అన్నాడు బాపు. నా వెనకే ఉన్నాడు. నేల మీద నిప్పులకు పైపు కాలకుండా వాడలోని మగవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, పైపును భుజాల మీదికి ఎత్తించాడు. మొదటి భుజం ఆయనదే. "మన మగ్గం పోయింది. ఇంక ఉన్న ఇండ్లు సూడు."

గోడ వైపు తిప్పాను. వేడికి నా కనుబొమలు కాలిన వాసన వస్తోంది. నీళ్లు గోడకు తగిలి ఆవిరై లేస్తున్నాయి, మళ్లీ తగులుతున్నాయి. నా వెనక నేతగాళ్లు ఇరవై మంది దాకా, భుజాల మీద బిగుసుకుని కదులుతున్న పైపుతో, నేను అడుగేస్తే అడుగేస్తూ, ఆగితే ఆగుతూ ఉన్నారు. వాళ్లకెవరూ ఏ తాలీమూ ఇవ్వలేదు.

పొద్దు వాలేసరికి మంట చచ్చింది. ఉత్తరం వరస పోయింది. గోదాము నిలిచింది, దాని అవతలి ఇళ్లన్నీ నిలిచాయి. అవ్వ ఎవరింట్లోంచో జొన్న గట్క, చల్ల తెచ్చి ముందు జమేదారుకు పెట్టింది. ఆయన మసి చేతులతోనే తిన్నాడు. బాపు మా ఇంటి బూడిదలో కర్రతో కెలుకుతూ ఇనుప మేకులు ఏరుకున్నాడు. కళ్లల్లో నీళ్లు చూశానని చెప్పలేను. పొగ అందరి కళ్లనూ ఎర్రగా చేసింది. తర్వాత రెండు నెలలు అవ్వా బాపూ బడి వరండాలో ఉన్నారు. సంఘం షెడ్డులో ఒక మగ్గం ఇస్తే బాపు దాని మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం జమేదారు నన్ను రెండు రోజులు అక్కడే ఉండమన్నాడు. జిల్లాకు ఉన్నది ఒకే బండి కనుక అది వెనక్కి పోవాలి. తడి పైపులు ఎత్తి సర్ది, నేను కిందనే నిలబడ్డాను.

బండి కదిలింది. ఎప్పుడూ దాని మీద ఉండేవాణ్ని, కింద నిలబడి దాన్ని చూడటం అదే మొదలు. మసి పట్టిన ఎరుపు మీద వాలిన ఎండ పడింది. వెనక అరల్లోంచి నీళ్లు కారి దుమ్ములో రెండు సన్నటి గీతలు గీసుకుంటూ పోయాయి. రోడ్డుకు అటూ ఇటూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక ముసలవ్వ రెండు చేతులూ ఎత్తి దానికి మొక్కింది. పక్కనున్న బాపు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. బండి మూల మలుపు తిరిగేదాకా అక్కడ ఎవరూ కదలలేదు, నేనూ కదలలేదు.